‘సాంకేతిక లోపం’ అంటే ఏమిటి సార్?

పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) డైరెక్టర్ జనరల్ గారికి,



2022 అక్టోబరు 12 రాత్రి గోవా నుంచి హైదరాబాద్ వస్తున్న స్పైస్‌జెట్ క్యూ400 విమానంలో పొగ కమ్ముకుంది. లోపల 86 మంది ప్రయాణికులు. శంషాబాద్‌లో అత్యవసరంగా దించారు. దిగే హడావిడిలో ఒకరికి కాస్త గీసుకుపోయింది, అంతే. ఆ తర్వాత మీ కార్యాలయం చేసిన పని మెచ్చుకోదగ్గది. ఇంజిన్ ఆయిల్ కారి ఏసీ గాలిలో కలిసిందని తేల్చారు. ఆయిల్ నమూనాలను 15 రోజులకోసారి ఇంజిన్ తయారీ సంస్థ ప్రాట్ అండ్ విట్నీ కెనడాకు పంపి పరీక్ష చేయించమన్నారు.

కేబిన్‌లో మనం పీల్చే గాలి ఇంజిన్ మీదుగా వస్తుందని నాకు తెలిసింది ఈమధ్య ఆ సంగతి చదివాకే. కంప్రెసర్ నొక్కిపట్టిన గాలిలో కొంత పక్కకు తీసి, చల్లబరిచి లోపలికి వదులుతారట. అందులోకి ఆయిల్ చేరిందా, బాణలిలో నూనె మాడినట్టే పొగ. మా అమ్మకు ఇలాగే చెప్పాను. “ఇంతేనా! ఈ ముక్క మనకూ అప్పుడే చెప్పొచ్చుగా” అంది.

‘అప్పుడు’ అంటే పోయినేడు. మేమెక్కిన ప్రొపెల్లర్ విమానం పావుగంటకే వెనక్కి తిరిగింది. ప్రకటనలు హిందీలో, ఇంగ్లీషులో. “ఏమంటున్నాడ్రా?” అంటూ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నాయి. “ఏం లేదమ్మా” అన్నాను; నాకు తెలిస్తే కదా! దిగాక కౌంటర్‌లో దొరికినవి రెండు: ‘టెక్నికల్ ఇష్యూ’ అనే మాట, ఒక చల్లారిన సమోసా.

పైలట్ల మీద నాకు ఫిర్యాదు లేదు. 2025 సెప్టెంబరులో కాండ్లాలో క్యూ400 చక్రం ఒకటి రన్‌వే మీదే ఊడిపోయినా, ముంబైలో విమానాన్ని క్షేమంగా దించారు. వెనక్కి తిప్పడం, దించేయడం వాళ్ల పని, చేస్తున్నారు. చెప్పడం ఎవరి పని?

విమానం అలా దిగిన ప్రతిసారీ, కారణం తేలిన వెంటనే, అందులో కూర్చున్నవాళ్లకు నాలుగు వాక్యాల కాగితం పంపేలా చూడండి. ఏది పాడైంది, ఏం మార్చారు, చాలు. కడప, రాజమండ్రి, కర్నూలు వెళ్లే విమానాల విషయంలో ఆ కాగితమూ, ఆపద వేళ చేసే ప్రకటనా తెలుగులో కూడా ఉండాలి.

సంక్రాంతికి అమ్మ మళ్లీ ప్రయాణం కావాలి. విమానమా, రాత్రి రైలా అని రోజూ అడుగుతోంది. టికెట్ ఇంకా తీయలేదు.

ఇట్లు,
ఒక ప్రయాణికుడు