అపార్ట్‌మెంట్ ఫండ్: ముందు రంగులా.. రిపేర్లా? ఈ 5 ఏళ్ల రూల్ తెలుసా?

హైదరాబాద్ అయినా, విజయవాడ అయినా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో సీన్ ఒక్కటే. ఒకరు రంగులంటారు, ఇంకొకరు జిమ్ అంటారు. గట్టిగా అడిగినవాళ్ల పనే ముందు అవుతుంది. ఫైర్ పంపు, లిఫ్ట్ రిపేర్, ఇంకుడు గుంత మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా!

నిజానికి ప్రాణాలకు సంబంధించిన పనులే ముందుండాలి. ఆ తర్వాత నీళ్లు, డ్రైనేజీ. హంగులు చివర్లోనే.

ఇక్కడే మరో కీలక పాయింట్ ఉంది. 2016 రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడితే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఇది చూసుకోకుండా గోడల పగుళ్లకు కార్పస్ ఫండ్ తీస్తే నష్టం ఓనర్లకే. అందుకే ఏ పనికైనా ఓకే చెప్పేముందు అప్పగించిన తేదీ చూసుకోవాలి. గడువు ఉంటే బిల్డర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.