పేర్లిచ్చినోళ్లకే ఆందోళనట!

కేసు లేదు. చార్జిషీటు లేదు. కోర్టు లేదు. జైలు మాత్రం పద్నాలుగేండ్లు! కమ్యూనిస్టులన్న అనుమానంతో ఇండోనేషియాలో సుహార్తో సైన్యం పట్టుకున్న లక్షల మందిలో వేలాది మందికి దక్కిన న్యాయం ఇదే.

1965 సెప్టెంబర్ 30 అర్ధరాత్రి దాటాక జకార్తాలో ఆరుగురు జనరల్స్‌ను ఎత్తుకెళ్లి చంపారు. అదే సాకుగా సైన్యం కమ్యూనిస్టు పార్టీ మీద విరుచుకుపడ్డది. అప్పటికి అది నిషేధిత పార్టీ కాదు. సభ్యులే సుమారు 30 లక్షలు. నెలల వ్యవధిలో కనీసం 5 లక్షల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. రైతులు, కార్మికులు, టీచర్లు, మహిళా సంఘాల సభ్యులు... సంఘంలో పేరుంటే చాలు, నేరమే!

లోకానికి ప్రజాస్వామ్య పాఠాలు చెప్పే అమెరికా అప్పుడు ఏం చేసింది? జకార్తా ఎంబసీ అధికారి రాబర్ట్ మార్టెన్స్ కమ్యూనిస్టుల పేర్ల జాబితాలు సైన్యానికి చేరవేశాడు. 1990లో ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. ఊచకోత సంగతి ఎంబసీకి ఎప్పటికప్పుడు తెలుసని 2017లో బయటపడ్డ ఫైళ్లు తేల్చాయి. తెలిసీ నోరు మెదపలేదు.

ఖైదీలను ఏ, బీ, సీ తరగతులుగా విడగొట్టారు. బీ తరగతి అంటే కోర్టులో నిలబెట్టేందుకు సాక్ష్యం చాలనివాళ్లు. సాక్ష్యం లేకుంటే విడిచిపెట్టాలె. సుహార్తో మాత్రం 1969 నుంచి వేల మందిని బురు దీవికి తోలి వెట్టిచాకిరీ చేయించాడు. ప్రముఖ రచయిత ప్రమోద్య అనంత తూర్ అక్కడే పదేండ్లు మగ్గాడు.

దౌత్యవేత్తలకు ఆందోళన ఎప్పుడు మొదలైంది? ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లాంటి సంస్థలు లోకమంతా చాటినంక, విదేశీ సాయానికి మానవ హక్కులతో అమెరికన్ కాంగ్రెస్ ముడిపెట్టినంక! అప్పుడు సుహార్తో దిగొచ్చాడు. 1976 డిసెంబర్‌లో విడుదల ప్రణాళిక ప్రకటించాడు. 1979 ఆఖరుకు బీ తరగతి ఖైదీలు దాదాపు అందరూ బయటికొచ్చారు. బయటికొచ్చినా విముక్తి లేదు. గుర్తింపు కార్డు మీద మాజీ రాజకీయ ఖైదీ అని తెలిపే ముద్ర. పిల్లలకు సర్కారు కొలువుల్లో తలుపులు బంద్. తండ్రి మీద అనుమానానికి బిడ్డకు శిక్ష!

ఎంబసీల ఆందోళన వృథా అని మేము అనం. దానివల్ల వేల మంది ఇండ్లకు చేరారు. అయితే అది కరుణతో పుట్టలేదు, జనం అడిగితే పుట్టింది. అడగని నాడు అదే ఎంబసీ పేర్లిచ్చింది, అడిగిన నాడు విడిచిపెట్టమన్నది.

2023 జనవరిలో అధ్యక్షుడు జోకో విడోడో ఆ ఘోరాలకు విచారం వెలిబుచ్చాడు. 57 ఏండ్ల తర్వాత! అప్పటికి ఎందరు బాధితులు మట్టిలో కలిసిపోయారో!

అందుకే, విచారణ లేని నిర్బంధం ఎక్కడ జరిగినా మొదటి రోజే అడగాలె. పట్టుకుపోయింది మనవాళ్లనా, కాదా అని చూడొద్దు. దొరల మనసు కరిగేదాకా ఆగితే ఖైదీ జుట్టు నెరుస్తది.