వండే చేతికీ ఓ ముద్ద

ఇంట్లో ఖీమా ఉడుకుతోందంటే ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి వేగుతున్న వాసనే వీధి మలుపు దాకా కబురు మోసుకెళ్తుంది. పరీక్ష సరిగా రాయలేక ముఖం వేలాడేసుకుని వచ్చిన పిల్లవాడు, జ్వరం నుంచి లేచి నోరు చేదెక్కిన ఆడపిల్ల, పనిలో మాటపడి వచ్చిన తండ్రి... ఎవరైనా సరే, పెనం మీద కాల్చిన బన్ను మధ్య వేడి వేడి ఖీమా పెట్టి చేతికిస్తే రెండు ముద్దలకే మనసు కుదుటపడుతుంది. ఖీమా బన్నులోంచి జారి చేతికంటుతుంది, మూతికంటుతుంది, చొక్కా మీద కూడా పడుతుంది. అయినా ఆ పూట ఎవరూ కోప్పడరు. ఇంత చిన్న తిండికి అంత ఓదార్పు ఎక్కడి నుంచి వస్తోంది? ఈ శుక్రవారం దాన్ని గురించి కాస్త ఆలోచిద్దాం.

ఈ రుచి మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ‘స్లాపీ జో’ అని దీనికి తోబుట్టువు లాంటి వంటకం ఉంది. గొడ్డు మాంసం ఖీమాను ఉల్లిపాయలు, టమాటా సాస్‌తో ఉడికించి గుండ్రటి బన్నులో పెడతారు. స్లాపీ అంటే చిందరవందర అని అర్థం. దాన్ని శుభ్రంగా తినడం ఎవరి వల్లా కాదు కనుక ఆ పేరు. మొదట ఎవరు చేశారన్న దానిపై అక్కడ ఎన్నో కథలున్నాయి. 1930లలో ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చి ఇళ్లలో డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు, కొద్ది మాంసంతో ఎక్కువ మంది కడుపు నింపే వంటలకే అక్కడి తల్లులు మొగ్గారు. ఖీమా వంటలు అలా ఆదుకున్నవే. 1969లో ఈ వంటకానికి కావలసిన సాస్ డబ్బాల్లో అమ్మకానికి వచ్చింది. దాంతో అది బడి పిల్లల భోజనంలోనూ, వారం మధ్యలో హడావుడిగా వండుకునే రాత్రి వంటల్లోనూ స్థిరపడిపోయింది.

షికాగోలోని డెవాన్ అవెన్యూ వంటి చోట్ల హలాల్ మాంసం దుకాణాలున్నాయి. ఆ నగరంలో స్థిరపడిన హైదరాబాదీ కుటుంబాలూ చాలా ఉన్నాయి. తోటి పిల్లలు తినే స్లాపీ జో తమకూ కావాలని పిల్లలు అడిగితే, తల్లి హలాల్ ఖీమా తెచ్చి ఇంట్లోనే చేసిపెట్టవచ్చు. అందులో రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర పడ్డాయంటే అది అమెరికా వంటో, మన వంటో చెప్పడం కష్టం.

మనకు ఖీమా కొత్తదేమీ కాదు. ఆ పేరు తురకీ భాష నుంచి వచ్చింది. హైదరాబాద్ ఇళ్లలో పొద్దుటి పూట ఖిచిడీ, ఖీమా, ఖట్టా కలిసి దస్తర్‌ఖాన్ మీదికి వస్తాయి. పెళ్లి దావత్‌లో ఖీమా కూరిన నలుచదరపు లుఖ్మీ ఉండాల్సిందే. బొంబాయి ఇరానీ హోటళ్లు ఖీమాకు పావ్‌ను జతచేశాయి. ఆ పావ్ అనే మాట పోర్చుగీసు వారిది. ఊళ్లు వేరు, పేర్లు వేరు. తెలివి మాత్రం ఒక్కటే. కొద్ది మాంసాన్ని సన్నగా కొట్టి, ఉల్లి టమాటాలతో పెంచి, రొట్టెతో కలిపి ఇంటిల్లిపాదికీ పంచడమే ఆ తెలివి. ఉన్నదాన్ని కలిసి తింటే కొద్దిమంది తిండే ఎక్కువ మందికి సరిపోతుందని మహాప్రవక్త (స) బోధించారు. ఆ బోధ కళ్ల ముందు కనబడే వంట ఏదైనా ఉందంటే అది ఇదే.

ఇక చేసే విధానం. మటన్ ధర సామాన్యుడికి అందనంత ఎత్తుకు వెళ్లింది. పెద్దకూర ఖీమా ఇంకా చాలామందికి అందుబాటులో ఉంది. మన రెండు రాష్ట్రాల్లో 1977 నాటి చట్టం ప్రకారం ఆవునూ, దూడలనూ వధించడం నిషేధం. కనుక లైసెన్సు ఉన్న దుకాణంలో దున్న మాంసమే అడిగి తీసుకోవాలి. అరకిలో ఉంటే ఆరుగురికి సరిపోతుంది. ముక్కను ముందు కడిగించి, నీరు ఓడ్చాక ఖీమా కొట్టించాలి. కొట్టాక కడిగితే రసమంతా పోతుంది. మూడు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి నూనెలో ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ఉప్పు వేయాలి. ఖీమా వేశాక గరిటెతో ఉండలు విరగ్గొడుతూ, ఊరిన నీరంతా ఇగిరిపోయేదాకా వేయించాలి. రుచి అంతా ఈ ఓపికలోనే ఉంది. తరువాత నాలుగు టమాటాలు, కాసిన్ని నీళ్లు పోసి మూతపెట్టి సన్న సెగ మీద నలభై నిమిషాలు ఉంచాలి. చివర ధనియాల పొడి, గరం మసాలా, కొత్తిమీర, పుదీనా, నిమ్మరసం. బన్నులో పెట్టే ఖీమా మరీ పొడిగా ఉండకూడదు, కారిపోయేంత పల్చగానూ ఉండకూడదు. తీపి ఎక్కువ లేని బన్నులు కోసి, లోపలి వైపు పెనం మీద కాల్చాలి. అలా కాల్చినది త్వరగా నాని విడిపోదు.

ఒక్క జాగ్రత్త. ముక్కగా ఉన్న మాంసానికి సూక్ష్మక్రిములు పైపైనే ఉంటాయి. ఖీమా కొట్టినప్పుడు అవి లోపలంతా కలిసిపోతాయి. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా ఉడకని ఖీమా బర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. ఖీమా లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ చేరాలని అక్కడి అధికారులు చెబుతారు. మన పద్ధతిలో నీరిగిరేదాకా వేయించి, ఆపైన ఉడికిస్తే ఆ భయం ఉండదు. పచ్చి ఖీమాను ఎండాకాలం బయట ఉంచకండి. తెచ్చిన రోజే వండేయండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ వంట ఇంట్లో అందరినీ ఓదారుస్తుంది. మరి వండిన చేతిని ఓదార్చేది ఎవరు? ఆమె కూడా ఆ రోజు అలిసిపోయి ఉండవచ్చు. ఆమెకూ ఒంట్లో నలతగా ఉండవచ్చు. కానీ ఇంకో బన్ను, ఇంకాస్త ఖీమా అంటూ అందరూ పిలుస్తూ ఉంటే ఆమె పెనం ముందు నుంచి కదలదు. చివరికి గిన్నె అడుగున మిగిలినదాన్ని బన్ను ముక్కతో తుడుచుకుని, నిలబడే తింటుంది. అదే ప్రేమ అని మనం మెచ్చుకుని ఊరుకుంటాం. ప్రేమ ఆమెదే. అందులో సందేహం లేదు. మరి మనది?

మహాప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడుతూ ఉండేవారని, నమాజు వేళ కాగానే వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అంతటి మహనీయులకు తక్కువ కాని పని మనకు తక్కువెలా అవుతుంది? పెళ్లి దావత్‌లో డేగ్‌ల ముందు నిలబడి గరిటె తిప్పేది మగ బావర్చీలే కదా! వందల మందికి వండితే గొప్పతనం, నలుగురికి వండితే నామోషీనా?

‘మగవాళ్లు వంటింట్లోకి వస్తే అంతా చిందరవందర చేస్తారు’ అని కొందరు తల్లులే అంటారు. నిజమే కావచ్చు. మొదటిసారి ఉల్లిపాయలు మాడతాయి. ఉప్పు ఎక్కువవుతుంది. కూతురు మొదటిసారి వండినప్పుడు కూడా అదే జరిగింది. ఆమెను ఎవరూ వంటింట్లోంచి పంపేయలేదు. మరి కొడుకును ఎందుకు పంపేయాలి? పైగా చదువుకో, ఉద్యోగానికో ఊరు దాటే కొడుకులు ఇప్పుడు ఇంటింటా ఉన్నారు. రియాద్‌లోనో, దుబాయ్‌లోనో గదిలో ఒంటరిగా కూర్చుని ఫోన్‌లో ‘అమ్మీ, ముందు ఏం వేయాలి?’ అని అడిగేకన్నా, అమ్మ పక్కన నిలబడి నేర్చుకుని వెళ్లడం మేలు కాదా? తల్లి ఎల్లకాలం ఉండదు. ఆమె చేతి రుచి ఎవరికీ అందకపోతే ఆమెతోనే వెళ్లిపోతుంది. ఆ తరువాత ఏ హోటల్లో వెతికినా అది దొరకదు.

అందుకే ఈ జుమా నాడు ప్రతి ఇంట్లో ఒక్క పని చేద్దాం. ఖీమా తండ్రి తేవాలి. ఉల్లిపాయలు కొడుకు తరగాలి. బన్నులు చిన్నపిల్లలు కాల్చాలి. ఎలాగో చెబుతూ అమ్మ కూర్చుని ఉండాలి. బిస్మిల్లా అని మొదటి బన్ను ఆమె చేతికే ఇవ్వాలి. ఆమె తిన్నాకే మిగతావారు చేయి చాపాలి. గిన్నెలు కూడా ఆ పూట ఆమె కడగకూడదు. ఖర్చేమీ పెరగదు. పట్టే సమయం గంటన్నర. కానీ ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదికీ ఓదార్పు పంచిన ఆ చేయి ఒక్క పూటైనా ఓదార్పు అందుకుంటుంది. మన పిల్లలు అది చూసి పెరుగుతారు.