పదహారవ రోజున వచ్చే మిత్రునికి



వార్షిక నివేదికల కాలం ముగిసిన కొన్నాళ్లకు ఏటా ఒక మిత్రుడు యూనియన్ కార్యాలయానికి వస్తాడు. తలుపు దగ్గరే నిలబడి, "మా ఆఫీసరుగారు 'గుడ్' అని వ్రాశారు. పోనిమ్మని ఊరకున్నాను. అది నాకు అడ్డు వస్తుందంటున్నారు, నిజమేనా?" అని అడుగుతాడు. నివేదిక ఎప్పుడు అందిందని అడిగితే నెల దాటిందంటాడు.

నిజమే మిత్రమా, అడ్డు వస్తుంది. పదోన్నతి లేకుండా 10, 20, 30 సంవత్సరాలు పనిచేసిన వారికి ఎం.ఎ.సి.పి. క్రింద దక్కవలసిన వేతన స్థాయికి 'గుడ్' చాలదు, 'వెరీ గుడ్' కావాలని ప్రభుత్వం 2016 జూలై 25న నిర్ణయించింది. మంచివాడవని వ్రాసి మెట్టు ఎక్కనీయకపోవడం ఎంత నేర్పు! తిట్టితే ఎదురు తిరుగుతాము. మెచ్చుకోలు వేషం వేసుకొని వచ్చిన శిక్షకు మాత్రం నమస్కారం పెట్టి సంతకం చేస్తున్నాము.

ఈ మాయను సుప్రీంకోర్టు 2008లోనే దేవ్ దత్ కేసులో బయటపెట్టింది. ఆయన సరిహద్దు రహదారుల విభాగంలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. 1993-94 సంవత్సరానికి వ్రాసిన ఒక్క 'గుడ్' ఆయన పదోన్నతిని అడ్డుకున్నది. ఆ సంగతి ఆయనకు తెలుపనైనా లేదు. ప్రతికూలమైన వ్రాతలే కాదు, ప్రతి వ్రాతనూ ఉద్యోగికి తెలియజేయవలసిందేనని న్యాయస్థానం తేల్చి చెప్పింది. ఆ తరువాత 2009 మే 14న ఉత్తర్వు వెలువడింది. నివేదిక పూర్తిగా ఉద్యోగి చేతికి రావాలి. 15 రోజులలో అతడు అభ్యంతరం తెలుపవచ్చు. అది అందిన 30 రోజులలో అధికారి నిర్ణయం చెప్పాలి. ఇది ఎవరి దయాధర్మమూ కాదు, మన హక్కు. కాని 15 రోజులు నోరు మెదపకపోతే ఆ వ్రాత ఖాయమవుతుంది. రహస్య నివేదికల కాలం పోయింది. మనలోని భయం మాత్రం పోలేదు.

ఆ భయానికి మూలం మనకు తెలియనిది కాదు. మూల నిబంధన 56(జె)నూ, దానితో సమానమైన రైల్వే నిబంధననూ చూపి, వయసు మళ్లిన ఉద్యోగిని 'ప్రజాప్రయోజనం' పేరిట ఇంటికి పంపవచ్చు. ఈ సమీక్షలను క్రమం తప్పక జరపాలని 2020 ఆగస్టు 28న మరల ఆదేశించారు. నిర్బంధ పదవీవిరమణ శిక్ష కాదని 1992లో బైకుంఠనాథ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. శిక్ష కాదట! ఆరిపోయిన పొయ్యికి ఈ తేడా తెలుస్తుందా? ఆ సమీక్షలో తిరగవేసేది మన సర్వీసు రికార్డునే. ఈనాడు మనం ఊరకుండి ఖాయం చేసిన వ్రాత ఆనాడు మన మీద సాక్ష్యం చెబుతుంది.

ఇక అధికారవర్గాన్ని సూటిగా అడుగుతున్నాము. ఏడాది పొడవునా ఒక్క మెమో ఇవ్వలేదు, ఒక్క సంజాయిషీ అడగలేదు, పిలిచి ఒక్క సలహా చెప్పలేదు. సంవత్సరాంతాన 'మెరుగుపడవలెను' అని వ్రాయడానికి చేయి ఎట్లా వచ్చింది? ఖాళీలు నింపకుండా ఇద్దరి పని ఒక్కనిచేత చేయించి, ఆలస్యమైనదని ఆ ఒక్కని తప్పు పట్టడం న్యాయమా?

మనవైపు కూడ ఒక మాట ఉంది. నిజమైన లోపాన్ని అధికారి ఎత్తి చూపితే దిద్దుకోవాలి. పట్టాల మీద ప్రయాణికుల ప్రాణాలున్నాయి. తపాలా సంచిలో ముసలితల్లి ఎదురుచూసే మనియార్డరు ఉంది. యూనియన్ సోమరితనానికి పట్టే గొడుగు కాదు. అట్లాగే, అభ్యంతరం వ్రాయడం మాని అధికారి ఇంటికి పళ్లబుట్ట మోసేవాడు తన ఒక్కని మెడనే కాదు, తోటివారి మెడలను కూడ వంచుతున్నాడు.

నివేదిక అందిన తేదీని సంతకం క్రింద తప్పక వేయండి. మూడు రోజులలోపు శాఖా కార్యదర్శికి చూపండి. జవాబులో కోపాన్ని కాదు, లెక్కను వ్రాయండి: మంజూరైన పోస్టులెన్ని, ఉన్నవారెందరు, సెలవు దినాలలో ఎన్ని డ్యూటీలు చేశారు, ఏ తప్పును ఏ తేదీన మీకు చెప్పారు. కారణాలు చూపే ఉత్తర్వు ఇమ్మని కోరండి. శాఖా కార్యదర్శులారా, ఎన్నికల నాడు గడప గడపకూ తిరిగిన కాళ్లు నివేదికల నెలలో ఎందుకు కదలవు? ప్రతి శాఖలోనూ ఈ గడువు తేదీలకొక రిజిస్టరు పెట్టండి.

1974 మే సమ్మెలో రైల్వే కార్మికులను వేల సంఖ్యలో విచారణ లేకుండా తొలగించారు. ఆ దెబ్బ అందరి మీదా పడింది, అందరికీ కనబడింది. కనుకనే దేశం వారి పక్షాన గొంతెత్తింది. నేటి దెబ్బ ఒక్కొక్కరి మీద, నాలుగు గోడల మధ్య, ఒక్క మాటతో పడుతున్నది. దానిని ఒంటరిగా భరించకండి.

మిత్రమా, పదహారవ రోజున కాదు, మొదటి రోజుననే రా. మన కార్యాలయం తలుపు తెరిచే ఉంటుంది.

ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!