పాత బోనులో కొత్త ఎలుక

సావనీరుకి ఏదైనా రాసివ్వమని మన సాహిత్య కార్యదర్శి అడిగితే, "ఎలుకల మీద రాస్తాను" అన్నాను. "ఇది వినాయకచవితి సంచిక కాదు బాబూ!" అని నవ్వాడు. నవ్వులాటకి కాదు, నిజంగానే రాస్తున్నాను. చదివాక నవ్వదలచినవాళ్ళు నవ్వుకోవచ్చు.

మాది వరి పండించే ఇల్లు. మా ఇంట్లో ఎలుక అన్నమాట వింటేనే మా నాయనకు ఒళ్ళు మండుతుంది. మా చేలల్లో ఎక్కువగా నష్టం చేసేది పందికొక్కు. ఇంగ్లీషువాళ్ళ 'బ్యాండికూట్' అనే మాట మన 'పందికొక్కు' నుంచి పోయిందే. మనం ఆ భాషకి ఇచ్చిన కొద్దిపాటి మాటల్లో అదొకటి! కోతలయ్యాక గట్టు మీద దాని కన్నం తవ్వితే లోపల వరికంకులు కట్టలు కట్టలుగా బయటపడతాయి. ఏడాది కష్టం కన్నంలో కనపడితే ఏ రైతుకైనా జాలి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అలాంటి ఇంట్లో పుట్టిన నేను నా అద్దెగదిలో తెల్ల ఎలుకను పెంచుతున్నాను. మా నాయన ఒకసారి చూడటానికొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. "చేలో దానికి మందు పెట్టి చస్తుంటే, గదిలో దీనికి మేత పెడుతున్నావట్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "ఇది వేరే జాతి నాయనా" అన్నాను. మాట నిజమే. తెల్ల ఎలుక నార్వే ఎలుక సంతతి, మనుషులు మచ్చిక చేసుకున్నది. 1906లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విస్టార్ సంస్థవారు వృద్ధి చేసిన తెల్ల ఎలుకల వంశం ఈనాటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఉంది. అయితే జాతి వేరైనంత మాత్రాన నా తప్పు తప్పు కాకుండా పోలేదు. ఆ తప్పు సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

చేపల తొట్లు అమ్మే దుకాణంలో ఆ ఎలుకను కొన్నాను. "ఒక్కటే తీసుకోండి, బాగా మచ్చికవుతుంది" అన్నాడు దుకాణదారు. ఒక్కటే తెచ్చాను. తెల్లోడు అని పేరు పెట్టాను. ఎలుక గుంపులో బతికే జంతువు. ఒకదాని బొచ్చు ఒకటి దువ్వుకుంటుంది, ఒకదాని మీద ఒకటి కుప్పగా పడి నిద్రపోతుంది. ఆడుకునేటప్పుడు సుమారు 50 కిలోహెర్ట్‌జ్‌ల ధ్వనితో కేరింతలు కొడుతుంది. మన చెవులు 20 దాటి వినలేవు గనక అది మనకు తెలియదు. నేను తొమ్మిదింటికి కాలేజీకి పోయి సాయంత్రం ఐదింటికి వస్తాను. రాత్రి అది లేచి తిరిగే వేళకి నేను గుర్రుపెట్టి నిద్రపోతాను. నాలుగు వేరుశనగ గింజలు పడేసి, "నా ఎలుకకేం, రాజాలా ఉంది" అనుకునేవాణ్ణి. ఒంటరి ఖైదీకి పూటా నేతి అన్నం పెట్టినంత ఘనకార్యమది.

ఆరు నెలలయ్యాక తెలివొచ్చి రెండోదాన్ని తెచ్చాను. చిన్నది, బుడ్డోడు. తెచ్చిన రోజే, తెచ్చిన గంటలోనే, తెల్లోడి బోను తలుపు తీసి లోపలికి వదిలేశాను. తెల్లోడు ఒక్క క్షణం వాసన చూశాడు. ఒంటిమీది బొచ్చంతా నిక్కబొడుచుకుంది. పక్కకి తిరిగి, వీపు వంచి, బుస్సుమంటూ బుడ్డోణ్ణి మూలకి నెట్టాడు. "వదిలెయ్‌రా, వాటంతట అవే సర్దుకుంటాయి" అన్నాడు నా గదిమిత్రుడు. నేనూ వదిలేశాను. రెండు నిమిషాలు కాకముందే రంపపుపొట్టు మీద నెత్తురు కనపడింది. బుడ్డోడి చెవి చీలింది. విడదీయబోయి చెయ్యి పెడితే నా వేలూ తెగింది.

ఆ వారం సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయాను. మా నాయన మందు కలుపుతున్నాడు. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు జింక్ ఫాస్ఫైడ్. అయితే మొదటి రెండు రోజులూ మందు కలపడు. నూకలూ నూనే కలిపి ఉత్త ఎర పెడతాడు. మూడోనాడు గానీ మందు పెట్టడు. ఎందుకని అడిగితే, "కొత్తదాన్ని ఎలక ఎంటనే నమ్మదురా. అలవాటు పడనియ్యాలి" అన్నాడు. చిన్నప్పట్నుంచీ చూస్తున్న పనే. ఆ రోజే మొదటిసారి ఆ మాట నా చెవికెక్కింది. చంపదలచినవాడు ఎలుక స్వభావం తెలుసుకుని రెండు రోజులు ఓపిక పడుతున్నాడు. పెంచదలచిన నేను గంటసేపు ఓపిక పట్టలేకపోయాను!

తిరిగొచ్చాక మళ్ళీ మొదలుపెట్టాను. కొత్త ఎలుకను రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి, ఏదైనా జబ్బుంటే ఈలోగా బయటపడుతుంది. బుడ్డోణ్ణి పక్కవీధిలో ఒక మిత్రుడి గదిలో ఉంచాను, చెవీ మానింది. తరవాత రెండు బోనులూ ఒక గదిలోనే, కాళ్ళూ పళ్ళూ అందనంత ఎడంగా పెట్టాను. దీని గుడ్డపీలిక దాని బోనులో, దాని పీలిక దీని బోనులో వేశాను. మనిషికి పేరు ఎలాగో ఎలుకకి వాసన అలాగ. ఆ తరవాత రెండింటినీ కలిపింది బోనులో కాదు, స్నానాల గది గచ్చు మీద. అది ఇద్దరికీ కొత్తచోటే. ఏ ఒక్కరి సొత్తూ కాదు గనక కాపలా కాయవలసిన అవసరం ఎవరికీ లేదు. రోజుకి పావుగంట, మందపాటి తువ్వాలు చేతిలో పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

ఒకటి వెల్లకిలా పడితే రెండోది పైకెక్కి బలవంతాన బొచ్చు దువ్వుతుంది, కిందది కీచుమంటుంది. దానికి భయపడనక్కరలేదు. అది పెద్దెవరో చిన్నెవరో తేల్చుకోవడం. బొచ్చు నిక్కబొడుచుకుని పక్కవాటుగా నెడుతుంటే, నెత్తురు కనపడితే మాత్రం వెంటనే విడదీయాలి. చెయ్యి పెట్టకూడదు, తువ్వాలు వెయ్యాలి. చివరికి బోనంతా సబ్బుతో కడిగి, లోపలి సామానంతా స్థలాలు మార్చి, రెండు తిండిగిన్నెలు, రెండు నీళ్ళసీసాలు పెట్టి ఇద్దర్నీ వదిలాను. రెండు వారాల ఎడం గాక మరో తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు తెల్లవారి చూస్తే ఇద్దరూ ఒకే కుప్ప! ఏ తోక ఎవరిదో తెలియలేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎలుకను పెంచదలచినవాడు మొదటే ఒకే లింగానికి చెందిన రెంటిని తేవాలి. ఆడా మగా కలిపితే 21 నుంచి 23 రోజుల్లో ఈత, ఈతకి ఎనిమిదో పదో పిల్లలు, ఆ పిల్లలు ఆరువారాలకే ఈడుకొస్తాయి. లెక్క మీరే కట్టుకోండి. తరవాత కొత్తదాన్ని తేవలసి వస్తే నెల్లాళ్ళ ఓపిక చేతిలో ఉంచుకుని తేవాలి. అది లేనివాడు ఎలుకను ముట్టుకోకుండా ఉండటమే దాని మీద దయ. ఎలుక బతికేదే రెండు మూడేళ్ళు. అందులో ఆరు నెలలు నేను తెల్లోణ్ణి ఒంటరిగా ఉంచాను. ఆ లోటు నేను తీర్చలేను.

ఇక ఎలుకల పేరు చెప్పి అసలు చెప్పవలసింది ఒకటుంది. "వాటంతట అవే సర్దుకుంటాయి" అన్న మాట నేను అంతకుముందే ఒకసారి విన్నాను. విన్నాననడం అబద్ధం, అన్నాను. రెండో సంవత్సరంలో హాస్టల్లో ఉండగా మా గదికొక జూనియర్ వచ్చాడు. సీనియర్లు రాత్రుళ్ళు పిలిపించుకునేవారు. "నాలుగు రోజులు పోతే వాడే సర్దుకుంటాడులే" అని నేను దుప్పటి ముసుగేసుకున్నాను. పదకొండో రోజు వాడు పెట్టె సర్దుకున్నాడు. మళ్ళీ రాలేదు.

ర్యాగింగును నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. "ఎలుకల్లోనూ పెద్దరికాలున్నాయని నువ్వే రాశావుగా, కాస్త పరీక్ష పెడితే తప్పేమిటి?" అని కొందరనవచ్చు. తెల్లోడు కరిచింది తన ఇంట్లోకి వాసన తెలియనివాడు వచ్చాడన్న భయంతో. పెద్దెవరో తేలిపోగానే ఆ సంగతి మరిచి పక్కనే పడుకున్నాడు. మనం భయం లేకుండా, సరదాకి, ఏటేటా చేస్తాం. పైగా అక్కడ నేరం తెల్లోడిది కాదు, చూస్తూ కూర్చున్న నాది.

2011లో చికాగో విశ్వవిద్యాలయంవారు ఒక ప్రయోగం ప్రకటించారు. గొట్టంలో చిక్కిన తోటి ఎలుకను బయటున్న ఎలుక తలుపు తీసి విడిపించింది. 2014లో అదే శాస్త్రవేత్తలు ఇంకొకటి చూపారు. తెల్ల ఎలుక తన రకం కాని, ముక్కూ మొహం తెలియని ఎలుకను విడిపించలేదు. అయితే ఆ రకానికి చెందిన ఒక్క ఎలుకతో కొన్నాళ్ళు కలిసి బతికాక, ఆ రకంలోని కొత్తవాళ్ళనీ విడిపించింది. ఒక్కరితో కలిసి ఉండటం చాలింది!

జూలైలో మళ్ళీ కొత్తవాళ్ళు వస్తారు. ఊళ్ళనుంచి, చేలనుంచి, ట్రంకుపెట్టెలతో వస్తారు. హాస్టల్లో ఉండే మిత్రులారా, వాళ్ళలో ఒక్కణ్ణి మొదటి రాత్రి భోజనానికి మీ పక్కన కూర్చోబెట్టుకోండి. తెల్లోడు చేసిన పని మనం చెయ్యలేమా?

మొన్న మా నాయన మళ్ళీ వచ్చాడు. బోను దగ్గర కాసేపు గొంతుకూర్చుని, "ఇద్దరూ బానే ఉన్నార్రా" అన్నాడు. పోతూపోతూ జేబులోంచి గుప్పెడు కొత్త వడ్లు తీసి గూట్లో పెట్టాడు. ఎవరికోసమని నేను అడగలేదు.

— బి.ఎస్సీ., తృతీయ సంవత్సరం