పాక బొమ్మలకు పాత రంగు తీయుట



క్రిస్మస్ దగ్గరపడగానే అటకమీది పెట్టెలోనుండి పశువుల పాక బొమ్మలు దించుదుము. వీటిలో కొన్ని ఇంట మార్చుకొన్నవే. రైతు బొమ్మకు ఎం-సీల్ ముద్దతో కంబళి కప్పి గొర్రెల కాపరిని చేయుదురు. కొండపల్లి అంబారీ మీది రాజుకు గడ్డము పెట్టి తూర్పు దేశపు జ్ఞానిని చేయుదురు. ఏటేటా రంగుమీద రంగు పూయుటచే కండ్లు, పెదవులు పూడిపోవును. అప్పుడు పాతది తీయక తప్పదు.

ముందుగా బొమ్మ దేనితో చేసినదో చూడవలెను. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేసినది. దాని చేతులు, కాళ్లు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికింతురు. నీళ్లలో నానబెట్టితే మక్కు మెత్తబడి అవి ఊడిపోవును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మనూ నానబెట్టకూడదు. ప్లాస్టిక్ బొమ్మకు థిన్నర్ తగిలితే బొమ్మే కరగవచ్చును. కాల్చిన మట్టిబొమ్మ మాత్రము సబ్బునీటికి ఓర్చుకొనును.

తల్లులారా, ఇది గమనించుడి. ఇండ్లకు వేయు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని మన దేశములో 2016లో నియమము చేసిరి. అది 2017 నవంబరునుండి అమలైనది. అంతకు ముందటి రంగులో సీసము ఎక్కువగా ఉండవచ్చును. సీసము పసిపిల్లల మెదడుకు చెరుపు చేయును. కాబట్టి పాత రంగును పొడి గరుకు కాగితముతో రుద్దకూడదు, మంటతో కాల్చకూడదు. పిల్లలను, గర్భిణీ స్త్రీలను దూరముగా ఉంచవలెను.

కర్రబొమ్మయైతే ఆరుబయట, పొయ్యికి దీపమునకు దూరముగా, పాత కాగితము పరచి కూర్చుండుడి. చేతులకు తొడుగులు వేసికొని, దూదిని థిన్నర్‌లో తడిపి రంగుమీద కొంచెము సేపు అద్దుడి. మెత్తబడినంత మట్టుకే వెదురు పుల్లతో తీయుడి. గట్టిపడిన ఎం-సీల్ నీటికి కరగదు. చాకుతో పలుచగా, చేతికి ఎదురు రాకుండ చెక్కవలెను. మొత్తము ఒకేసారి పెరికితే, పొణికి మెత్తని కర్ర గనుక దాని ముక్క కూడ లేచివచ్చును. చివరి పొర మిగిలితే మిగలనిండు. రాలిన పెచ్చులను కాగితములో మూటకట్టుడి. పొయ్యిలోనో పెంటలోనో వేయకుడి. పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనుడి. రంగు తీయుటకు వీలుపడని బొమ్మకు వార్నిష్ పూసి, పిల్లలకు అందని చోట ఉంచుట మేలు.

మత్తయి 13వ అధ్యాయములో గురుగులను వెంటనే పెరుకుటకు యజమానుడు ఎందుకు ఒప్పుకొనలేదో మనకు తెలియును. గురుగులకంటె గోధుమలమీదనే ఆయన కన్ను. మన బిడ్డలకు అంటిన చెడు అలవాటులను దిద్దునప్పుడును అంతే. అంటినది పోవలెనని తొందరపడి, కఠినమైన మాటలతో బిడ్డ మనస్సును విరువకూడదు. ఒక్కొక్క పొరగా, ప్రార్థనతో, ఓర్పుతో తీయుదము. లోపలి ముఖము దేవుడు చేసినది.

ప్రభువు మీ గృహములను దీవించును గాక.