తాయెత్తుకు ముందు వెన్నునీరు

మొన్న వాకాడు బస్టాండు దగ్గర టీ కొట్లో ఒకాయన తీర్పు చెప్పేశాడు: “ఆ పిలకాయికి గాలి సోకింది సామీ, ఎ.ఎస్.పేట దర్గాకి తీసకపోండి.” పక్కనున్న చదువుకున్నాయన అడ్డం పడ్డాడు: “గాలీ లేదు, దెయ్యమూ లేదు. పిచ్చి ముదిరింది, అంతే.” ఇద్దరూ ఆ పిల్లను చూసిన పాపాన పోలేదు. నాకు మాత్రం రెండో ఆయన మీదే ఎక్కువ మండింది. చదువుకున్నోడి తీర్పుకు ఊళ్లో అప్పీలు ఉండదు మరి.

ఇలాంటి పిల్లల్లో మొదట నాలుగు రోజులు తలనొప్పి, జ్వరం. ఆపైన నిద్ర పట్టదు, అందరి మీదా అనుమానం, అరుపులు. తర్వాత ఫిట్స్, మూతి వంకర్లు పోవడం, మాట పడిపోవడం. ఇది మెదడువాపు కావచ్చు. అందులో ఒక రకంలో, ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే మెదడులోని ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్ల మీద పడతాయి. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో జోసెప్ డల్మౌ బృందం 2007లో దీని గుట్టు విప్పింది. కొందరు ఆడపిల్లల్లో మూలం అండాశయంలోని గడ్డ. తెలియక మానసిక మందులే పెంచుకుంటూ పోతే కొందరికి ఒళ్లు కొయ్యబారుతుంది.

ఈ జబ్బు వచ్చిన 577 మందిని పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనంలో ఎక్కువమంది ఆడవాళ్లే, సగం మందికి 21 ఏళ్లు దాటలేదు. గడ్డ ఉంటే తీసేసి, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ లాంటివి ఇస్తే రెండేళ్లలో నూటికి 80 మంది కోలుకున్నారు. వైద్యం ముందుగా అందినవాళ్లు ఇంకా బాగా కోలుకున్నారు. ఏ తాయెత్తుకుంది ఈ లెక్క?

దర్గాకి పోవద్దని నేననను. ఈ జబ్బును పట్టిచ్చే వెన్నునీరు పరీక్ష చేయించుకుని పొమ్మంటాను. ఆ పరీక్ష ఎక్కడ? తిరుపతి స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రికో, చెన్నైకో పరుగెత్తాలి. 2022లో మన వాకాడును తిరుపతి జిల్లాలో కలిపారు, ఆఫీసుల బోర్డులు మారాయి. ఫిట్స్ వచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని పోయే దూరం మారిందా?

దగ్గరికి తెస్తామన్న మాటలంటే గుర్తొచ్చింది. మన దుగరాజపట్నంలో ఓడరేవు తొలిదశ 2018 చివరికి పూర్తవుతుందని 2014 విభజన చట్టంలోనే రాశారు. ఆ గడువు దాటిపోయినా ఎన్నికలొస్తే అందరి నోటా ఓడరేవే. మైకు పట్టుకున్నోళ్లలో ఒక్కరన్నా నరాల డాక్టరు మాటెత్తారా? ఈసారి ఓట్లకొచ్చినోళ్లను ఓడల సంగతి తర్వాత అడుగుదాం. గూడూరు ఆసుపత్రికి వారానికొక్క రోజైనా నరాల డాక్టర్ని రప్పిస్తారా లేదా, ముందు అది తేల్చమందాం.

– స్వర్ణముఖి